పొరుగింటి పుల్లకూర: మ్యాక్‌కీ విండోస్‌కీ నలభై ఏళ్ళ తగువు

ఆ మధ్య మా ఇంట్లో నాలుగు రోజులపాటు భోజనాల దగ్గర మాటల్లేవు. ఆస్తి తగాదా కాదు, పెళ్ళి సంబంధం గొడవా కాదు. లాప్‌టాప్. డిజైన్ కోర్సులో రెండో ఏడాదికి వచ్చిన మా అమ్మాయి మ్యాక్ కావాలంది. "ఆ డబ్బుకి విండోస్‌వి రెండొస్తాయి. ఒకటి నీకు, ఒకటి మీ అమ్మకి" అన్నారు మా వారు. "మీకు అర్థం కాదు నాన్నా" అంది అది. అంతే. ఆ తర్వాత ఇద్దరి మధ్యా రాయబారం నాదే. "నాన్నగారు ఇంకాస్త కూర వేసుకుంటారేమో అడుగమ్మా", "దానికి పెరుగు వెయ్యి" – ఇలా నడిచింది.

నా చిక్కేమిటంటే, ఆ డబ్బు నాది. ఇరవై నెలలు కట్టిన చీటీ ఆ నెలే చేతికొచ్చింది. గాజులు చేయించుకుందామనుకున్నాను. గాజుల సంగతి అలా ఉంచండి, ఇద్దరిలో ఒకరి వైపు నిలబడాలంటే అసలు తగువేమిటో తెలియాలి కదా. రాత్రిళ్ళు వంటిల్లు సర్దుకున్నాక ఫోన్లో చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ ఇదేదో కంప్యూటర్ల కథలా కాక, ఒకే వాకిట్లో వేరు కాపురాలు పెట్టిన తోడికోడళ్ళ కథలా కనిపించింది.

నాకు కంప్యూటర్ పరిచయమైంది 1999లో. బి.ఏ. తెలుగు అయిపోయి, సంబంధాలు చూస్తున్న రోజులు. ఖాళీగా ఉండటమెందుకని నాన్న ఆర్నెల్ల కోర్సులో చేర్పించారు. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్ళాలి, గుడిలోకి వెళ్ళినట్టు. ఏసీ చల్లదనం, తెల్లటి పెట్టెలు. సార్ మొదట నేర్పింది పేకాట! సాలిటేర్ అని, ముక్కల్ని మౌస్‌తో పట్టుకుని లాగి ఇంకో ముక్క మీద పెట్టాలి. మౌస్ చేతికి అలవాటవ్వాలంటే అదే దారి అన్నారు. ఆడపిల్లలకి పేకాట నేర్పుతున్నారని ఇంట్లో చెప్పలేదు లెండి. ఆ పేకముక్కల బొమ్మలు వేసింది ఒక ఆవిడ అని, ఆవిడకీ ఈ తగువుకీ సంబంధం ఉందని ఇన్నేళ్ళకి తెలిసింది. ఆవిడ దగ్గరికి తర్వాత వద్దాం.

కథ యాపిల్‌తోనూ మొదలవదు, మైక్రోసాఫ్ట్‌తోనూ మొదలవదు. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో ఊళ్ళో జెరాక్స్ కంపెనీకి ఒక పరిశోధన కేంద్రం ఉండేది. మనం జిరాక్స్ తీయించుకుంటామే, ఆ జెరాక్సే. అక్కడి వాళ్ళు 1973లోనే ఆల్టో అనే కంప్యూటర్ చేశారు. తెర మీద కిటికీల్లా విడివిడి గళ్ళు, వాటి మధ్య తిరగడానికి మౌస్. అప్పటికి కంప్యూటరంటే నల్ల తెర మీద అక్షరాలు కొట్టడమే. ఆ ఆదేశాలు నోటికొస్తేనే పని జరుగుతుంది. ఆల్టోలో అయితే చూపించి నొక్కితే చాలు. ఇంత మంచి వస్తువు చేసి కూడా జెరాక్స్ పెద్దలకి దాని విలువ తెలియలేదు. వాళ్ళ ధ్యాసంతా కాపీ మెషీన్ల మీదే.

1979 డిసెంబర్లో యాపిల్ తరఫున స్టీవ్ జాబ్స్ అక్కడికి చూడటానికి వెళ్ళాడు. ఊరికే కాదు, యాపిల్ షేర్లు లక్ష, పది లక్షల డాలర్లకి జెరాక్స్ కొనుక్కునే ఏర్పాటు మీద. ఆ కేంద్రంలో అడెల్ గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ఉండేది. మన వంటింటి రహస్యమంతా వాళ్ళకి చూపించొద్దని ఆవిడ గట్టిగా అడ్డుపడింది. పైవాళ్ళు ఆజ్ఞ జారీ చేస్తే గానీ చూపించడానికి ఒప్పుకోలేదు. గదిలో ఉన్నవాళ్ళలో జరగబోయేది ముందే చూసింది ఆవిడే అనిపిస్తుంది నాకు. ఇంట్లో కూడా అంతే కదా, వద్దన్న మాట మనదే, ఆనక సర్దుకోవాల్సిందీ మనమే.

చూసొచ్చిన జాబ్స్ ఊరుకోలేదు. 1983 జనవరిలో లీసా అనే కంప్యూటర్ వచ్చింది. ఖరీదు 9,995 డాలర్లు, కొన్నవాళ్ళు తక్కువ. లీసా అన్నది ఆయన కూతురి పేరు. ఆ పిల్ల పుట్టిన కొత్తలో తన బిడ్డ కాదన్న మనిషి, మెషీన్‌కి మాత్రం ఆ పేరు పెట్టాడు. దాని పేరే పెట్టానని ఒప్పుకోవడానికి కూడా చాలా ఏళ్ళు పట్టింది. ఆయన గొప్పతనం గురించి ఎంత చదివినా, ఈ ఒక్క చోట నా మనసు ఒప్పదు.

1984 జనవరి 24న మెకింతోష్ బయటికొచ్చింది. మనం మ్యాక్ అనేది దాన్నే. తొమ్మిదంగుళాల తెర, 2,495 డాలర్లు. దాని బొమ్మలు వేసిందే నేను చెప్పబోయిన ఆవిడ, సుసాన్ కేర్. కళాచరిత్రలో డాక్టరేట్ చేసింది గానీ కంప్యూటర్ పని తెలియదు. హైస్కూల్ స్నేహితుడు ఆండీ హెర్ట్జ్‌ఫెల్డ్ మ్యాక్ బృందంలో ఉండి పిలిచాడు. ఆవిడ గళ్ళ నోటుపుస్తకం ఒకటి కొనుక్కుని, నిలువు 32 గళ్ళు, అడ్డం 32 గళ్ళు లెక్క పెట్టుకుని, గడి నింపాలా వదలాలా అని చూసుకుంటూ బొమ్మలు వేసింది. చెత్తబుట్ట, రంగు ఒలికే డబ్బా, నవ్వే కంప్యూటర్, ఏడుపు మొహం కంప్యూటర్. కంప్యూటర్ తెర మీద బొమ్మ వేయడం కుట్టుపనిలా, మొజాయిక్‌లా ఉంటుందని ఆవిడే చెప్పింది. క్రాస్ స్టిచ్ కుట్టిన వాళ్ళెవరికైనా ఇది వెంటనే అర్థమవుతుంది. మ్యాక్ కీబోర్డు మీద నాలుగు మూలలా మెలి తిరిగిన ఒక గుర్తుంటుంది, చూశారా? స్వీడన్ దేశంలో చూడదగ్గ స్థలాల దగ్గర పెట్టే గుర్తు అది. గుర్తుల పుస్తకంలో వెతికి ఆవిడే పట్టుకుంది. మా అమ్మాయి కీబోర్డు మీద మొదటిసారి చూసినప్పుడు నాకైతే అచ్చం చుక్కల చుట్టూ తిప్పే మెలికల ముగ్గే అనిపించింది.

ఇక రెండో కోడలు. మైక్రోసాఫ్ట్, యాపిల్ మొదట్లో శత్రువులు కారు, వియ్యాలవారిలా ఉండేవారు. మ్యాక్ బయటికి రాకముందే దాని నమూనాలు మైక్రోసాఫ్ట్‌కిచ్చి, మా మెషీన్‌కి ప్రోగ్రాములు రాసిపెట్టమని అడిగింది యాపిలే. 1983 అక్టోబర్లో హవాయిలో యాపిల్ సభలో ఒక వేడుక చేశారు. టీవీలో వచ్చే పెళ్ళిచూపుల ఆటలాంటిది. మ్యాక్ పెళ్ళికూతురు, సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్ళు వరులు. ఆ వరుసలో నవ్వుతూ కూర్చున్న కుర్రాడు బిల్ గేట్స్. నెల తిరక్కుండానే, నవంబర్లో, న్యూయార్క్‌లో విండోస్ తెస్తున్నామని ప్రకటించాడు!

జాబ్స్ మండిపడి గేట్స్‌ని పిలిపించాడు. మా దగ్గర దొంగిలించావని అరిచాడు. దానికి గేట్స్ ఇచ్చిన జవాబు కంప్యూటర్ వాళ్ళందరూ చెప్పుకునేదే. మనిద్దరికీ జెరాక్స్ అనే డబ్బున్న పొరుగింటాయన ఉన్నాడు, టీవీ ఎత్తుకెళదామని నేనా ఇంట్లో దూరితే, అప్పటికే నువ్వది పట్టుకుపోయి ఉన్నావు అన్న అర్థంలో చెప్పాడట. అప్పుడు ఆ గదిలో ఉన్న హెర్ట్జ్‌ఫెల్డ్ ఇది తర్వాత రాశాడు. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత ఈ ఇద్దరి కోసమే పుట్టినట్టుంది.

మొదటి విండోస్ 1985 నవంబర్ 20న వచ్చింది. అదేమంత గొప్పగా లేదు. కిటికీలు ఒకదాని మీద ఒకటి పడకుండా పక్కపక్కనే పలకల్లా పేర్చాల్సి వచ్చేది. అదే నెలలో యాపిల్ ఒక కాగితం మీద సంతకం పెట్టింది, విండోస్‌లో మా పోలికలు కొన్ని వాడుకోవచ్చని. అప్పటికి జాబ్స్ యాపిల్‌లో లేడు, వెళ్ళగొట్టినంత పని చేశారు. ఆ ఏడాదే సెప్టెంబర్లో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ అనే లెక్కల ప్రోగ్రాం విడుదల చేసింది. ఎక్కడనుకున్నారు? మ్యాక్ మీద. విండోస్‌కి ఎక్సెల్ వచ్చింది 1987లో. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

రెండో విండోస్‌లో కిటికీలు ఒకదాని మీద ఒకటి పడటం మొదలైంది, మ్యాక్‌లో లాగే. 1988 మార్చిలో యాపిల్ కోర్టుకెక్కింది. మొత్తం 189 పోలికలు లెక్క చెప్పారు. ఇందులో 179 మీరు సంతకం పెట్టి ఇచ్చినవే కదా అంది కోర్టు. మిగిలిన పదీ దాదాపుగా ఎవరి సొంతమూ అనడానికి వీల్లేనివి. అది నడుస్తుండగానే జెరాక్స్‌కి మెలకువ వచ్చి యాపిల్ మీద దావా వేసింది. అది చాలావరకు కొట్టేశారు. అసలు కేసు అప్పీళ్ళన్నీ దాటి 1995 మొదట్లో పూర్తిగా ముగిసింది, యాపిల్ ఓడింది. ఏడేళ్ళ కోర్టు ఖర్చులు తలుచుకుంటే మా పెదతాతగారి గట్టు తగాదా గుర్తొచ్చింది. గెలిచిన వాళ్ళు ఆ గట్టు మీద ఒక్క కంది మొక్క కూడా వేయలేదు.

ఈలోగా 1990 మే నెలలో విండోస్ 3.0 వచ్చి ఇంటింటా పాకిపోయింది. దాని బొమ్మలు ఎవరు వేశారు? సుసాన్ కేర్! యాపిల్ వదిలి వచ్చాక మైక్రోసాఫ్ట్ వాళ్ళు అడిగితే వేసిపెట్టింది. మా సార్ నేర్పిన సాలిటేర్ పేకముక్కలూ అప్పటివే. రెండు కంపెనీలూ కోర్టులో కొట్టుకుంటుంటే, రెండిళ్ళ వాకిళ్ళలో ముగ్గు పెట్టింది ఒకే చెయ్యి. ఇది చదివిన రాత్రి నాకు ఎందుకో చాలాసేపు నిద్ర పట్టలేదు.

మరి విండోస్ ఎందుకు గెలిచింది? అది బాగుందని కాదు. మైక్రోసాఫ్ట్ మసాలా పొడి అమ్మింది, యాపిల్ మెస్ నడిపింది. పొడి కొనుక్కుని ఎవరింట్లో వాళ్ళు, ఉన్న గిన్నెలో వండుకోవచ్చు. ఉప్పు ఎక్కువైతే వాళ్ళ ఖర్మ. మెస్‌లో వంట, వడ్డన, విస్తరి అన్నీ వాళ్ళవే, రుచి తప్పదు, ధర వాళ్ళు చెప్పిందే. ఐబీఎం కంప్యూటర్ 1981లో వచ్చాక దాని నమూనాలో ఎవరు పడితే వాళ్ళు పెట్టెలు చేశారు, అన్నిటిలోనూ మైక్రోసాఫ్టే. మన దగ్గరికొచ్చేసరికి ఆ పెట్టెలు విడిభాగాలై వచ్చాయి. 2003లో మా వారు సికింద్రాబాద్ వెళ్ళి మదర్‌బోర్డు ఒక చోట, మానిటర్ ఒక చోట కొని, స్నేహితుడి చేత బిగించి తెచ్చారు. మ్యాక్ అన్న పేరే ఆ రోజుల్లో మా వీధిలో ఎవరికీ తెలియదు.

అలాగని మ్యాక్ మన ఇళ్ళకి రాలేదనుకోకండి, వేరే దారిలో వచ్చింది. పేజ్‌మేకర్ అని, పేజీలు కూర్చే ప్రోగ్రాం 1985లో ముందు మ్యాక్ మీదే పుట్టింది, విండోస్‌కి ఆ తర్వాతే వచ్చింది. ఊరూరా డీటీపీ సెంటర్లు వెలిసి, మన పెళ్ళి శుభలేఖలూ, కర్మకాండ కార్డులూ కంపోజ్ అయ్యింది దాంట్లోనే. ఆ డీటీపీ అమ్మాయిలని అడిగి చూడండి. అను ఫాంట్లలో తెలుగు కొట్టడానికి చాలామంది ఎంచుకునే అక్షరాల వరస పేరు యాపిల్ కీబోర్డు. కూర్చున్నది మాత్రం విండోస్ ముందు!

1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చింది. ఆన్ చేయగానే వచ్చే చిన్న సంగీతం బ్రయన్ ఈనో కట్టింది. దాన్ని మ్యాక్ మీదే చేశానని, విండోస్ కంప్యూటర్ తానెప్పుడూ వాడలేదని ఆయనే తర్వాత ఒక రేడియో కార్యక్రమంలో చెప్పాడు.

అంతకు ముందు ఏడాదే ఇటలీ రచయిత ఉంబెర్తో ఎకో ఈ తగువు మీద సరదాగా రాస్తూ, మ్యాక్‌ని క్యాథలిక్ మతంతో, పాత డాస్‌ని ప్రొటెస్టెంట్ మతంతో పోల్చాడు. మ్యాక్ చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టుగా నడిపిస్తుందట, డాస్‌లో ఎవరి మోక్షం వాళ్ళే వెతుక్కోవాలట. మనవాళ్ళెవరైనా రాసుంటే శైవ వైష్ణవాలతో పోల్చేవారు. దానికి మందు కూడా మన దగ్గరుంది. ఆ రెండు వర్గాలూ తిట్టుకుంటున్న కాలంలోనే తిక్కన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు, ఇద్దరూ ఒక్కటైన దేవుడికి. 2006లో యాపిల్ మ్యాక్‌లలో ఇంటెల్ చిప్పులు పెట్టి, అదే మెషీన్లో విండోస్ కూడా నడుపుకునే బూట్ క్యాంప్ అనే ఏర్పాటు ఇచ్చిందని చదవగానే నాకు మొట్టమొదట తట్టింది తిక్కనగారే. డిగ్రీలో చదివింది ఎక్కడ పనికొస్తుందో ఎవరు చెప్పగలరు! 2020లో యాపిల్ సొంత చిప్పులకి మారాక ఆ హరిహరనాథుడి గుడి మూతపడిందనుకోండి.

ఈ కథలో నేను రెండుసార్లు చదువుకున్న ఘట్టం 1997 ఆగస్టుది. యాపిల్ మునిగిపోతోంది. ఆ ఆర్థిక సంవత్సరం నష్టం వంద కోట్ల డాలర్లు దాటింది. వెళ్ళగొట్టిన జాబ్స్‌నే మళ్ళీ పిలిచారు. బోస్టన్‌లో మ్యాక్ అభిమానుల సభ. జాబ్స్ వేదిక ఎక్కి, మైక్రోసాఫ్ట్ మనలో 15 కోట్ల డాలర్లు పెడుతోంది, అయిదేళ్ళపాటు మ్యాక్‌కి ఆఫీస్ ప్రోగ్రాములు చేస్తుంది అని చెప్పాడు. వెనక పెద్ద తెర మీద బిల్ గేట్స్ ముఖం కనిపించింది. జనం ఛీకొట్టారు. యాపిల్ గెలవాలంటే మైక్రోసాఫ్ట్ ఓడాలనే ఆలోచన మానుకోవాలని జాబ్స్ వాళ్ళకి నచ్చజెప్పాడు. తెర మీద గేట్స్ అంత పెద్దగా, కింద తను ఇంత చిన్నగా కనిపించేలా ఏర్పాటు చేయడం తన తప్పేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడట. గేట్స్ మాత్రం దయతలచి ఇచ్చాడా? లేదు. పేటెంట్ల గొడవలు తీరతాయి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని మ్యాక్‌లో పెడతారు, ఆయన లెక్కలు ఆయనవి. తోడికోడలు చేబదులిచ్చిందంటే అందులో కొంత ప్రేమ, కొంత లెక్క. ఏది ఎంతో ఆవిడకే తెలియదు.

డబ్బు తీసుకున్నంత మాత్రాన దెప్పిపొడుపులు ఆగవు కదా. 2006 నుంచి మూడేళ్ళపాటు యాపిల్ వరసగా ప్రకటనలు వేసింది, మొత్తం 66. ఇద్దరు మగాళ్ళు తెల్లటి గోడ ముందు నిలబడతారు. జీన్స్ వేసుకున్న కుర్రాడు మ్యాక్, కోటు వేసుకుని కళ్ళజోడు పెట్టుకున్న బొద్దాయన పీసీ. పాపం ఆ పీసీ ఆయనకి అన్నీ జబ్బులే, వైరస్‌తో తుమ్ముతుంటాడు, మాట మధ్యలో ఆగిపోతాడు. కొన్ని చూశాను. కుర్రాడు బాగానే ఉన్నాడు గానీ నా జాలంతా ఆ బొద్దాయన మీదికే పోయింది. కష్టపడేదీ ఆయనే, కొట్టుకునేదీ ఆయనే. ఇంకా తమాషా, 2021లో ఇంటెల్ వాళ్ళు ఆ మ్యాక్ కుర్రాణ్ణే తెచ్చి పీసీలు మంచివని చెప్పించారు.

ఇక 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ళ చేతికొచ్చాయి. మర్నెల్లోనే యాపిల్ ఐప్యాడ్‌కి ఆఫీస్ ప్రోగ్రాములు విడుదల చేశారు. పక్కింటి వాళ్ళ పొయ్యి మీద మన పోపు! మరుసటి ఏడాది ఒక సభలో మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాములు చూపించడానికి ఆయన పట్టుకెళ్ళింది ఐఫోనే.

తెలుగు వాళ్ళు యాపిల్‌కి ఇంకో రకంగానూ గుర్తుండిపోయారు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక విడదీసే గుర్తుతో వస్తే చాలు, ఐఫోన్లలోనూ మ్యాక్‌లలోనూ అది తెరిచిన యాప్ కుప్పకూలేది. ప్రపంచమంతా గోల. ఆ నెల 19న సరిచేసి పంపారు. జ్ఞానం భరించలేకపోయిందన్న మాట అని మా వారు అప్పట్లో తెగ నవ్వారు. నాలుగు రోజుల మౌనవ్రతంలో అదే మాట మళ్ళీ అన్నారు, గోడకేసి చూస్తూ, అమ్మాయికి వినపడేలా.

ఇంతా చదివి నేనేం తేల్చాను? వాళ్ళ కోర్సులో ఏ ప్రోగ్రాములు వాడతారో కాగితం మీద రాసిమ్మన్నాను. రాసింది. చాలావరకు రెండిటిలోనూ నడిచేవే, ఒకటి రెండు మాత్రం మ్యాక్‌లోనే. ఆ సంగతి దాచకుండా రాసినందుకు ముచ్చటేసింది. కొత్తది కాదు, పాత మోడల్ చూసుకోమన్నాను. చీటీ డబ్బులో సగం ఇచ్చాను. మిగతాది కిస్తీలు. అవి మా వారి జీతంలోంచి పోతున్నాయి. ఆ మాట ఆయన నోటితో ఇప్పటికీ అనలేదు, బ్యాంకు మెసేజ్ చూసి నేనే తెలుసుకున్నాను.

సంక్రాంతికి అమ్మాయి దాన్ని తీసుకుని వచ్చింది. కనుమ నాడు మధ్యాహ్నం గారెలు తిని కూర్చున్నాక, మా వారి పాత లాప్‌టాప్ మొరాయించింది. ఇంటి ఖర్చుల లెక్కలన్నీ ఆయన ఎక్సెల్‌లోనే రాస్తారు, 2004 నుంచీ. "మెయిల్ చెయ్యండి నాన్నా, నా దాంట్లో తెరుస్తాను" అంది. ఆయన కదల్లేదు.

"దాంట్లో ఎక్సెల్ ఉంటుందా?" అన్నారు నా వైపు తిరిగి.

"అది పుట్టిందే దాంట్లోనండీ. 1985లో. మీ విండోస్‌కి రెండేళ్ళ తర్వాత గానీ రాలేదు."

"నీకెవరు చెప్పారు?"

"చదివాను."

ఆయన ఫోన్లోంచి మెయిల్ పంపారు. అది తెరిచింది. అంకెలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, వరసలు కూడా చెదరలేదు. ఆయన కళ్ళజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగారు. కాసేపు పైకీ కిందకీ జరిపించారు.

"నవంబర్ పాల బిల్లు రెండుసార్లు పడింది చూశావా?" అన్నారు, అమ్మాయితోనే.